గుట్ట మీద మూసారాముడు

రోజూ వేలమంది నోట నలిగే పేరు మూసారాంబాగ్. ఇంతకీ ఆ మూసారాం ఎవరు? ఎక్కడో ఫ్రాన్సులో పుట్టి, నిజాం కొలువులో సేనానిగా ఎదిగి, హైదరాబాద్ మట్టిలో కలిసిపోయిన ఓ పరదేశి. ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్తే...

'తర్వాతి స్టేషన్ మూసారాంబాగ్' అని మెట్రో రైల్లో వినిపించిందో లేదో మా అమ్మాయి అడిగేసింది, 'నాన్నా, మూసారాం అంటే ఎవరు?' అని.

నాలుగో తరగతి చదివే పిల్ల. దానికి ఏం చెప్పాలో తోచలేదు. మాది ఇబ్రహీంపట్నం. జర్నలిజం డిప్లొమా చేసిన ఏడాదంతా పొద్దున్నే బస్సెక్కి, ఎల్బీనగర్ మీదుగా, దిల్‌సుఖ్‌నగర్ దాటి సిటీలోకి వెళ్లేవాణ్ని. మూసారాంబాగ్ స్టాపులో బస్సు ఆగడం, కండక్టర్ కేకెయ్యడం, నేను కిటికీకి తలానించి కునుకు తీయడం... ఇదే నాకు తెలిసిన మూసారాంబాగ్. ఒక్కరోజైనా ఆ పేరేమిటని అనుకోలేదు. ఆ తర్వాత ఊరూరా తిరిగి ఎన్నో గుళ్ల గురించీ కోటల గురించీ రాశానుగానీ, ఆ స్టాపులో మాత్రం ఎన్నడూ దిగలేదు.

'మూసీ నది పక్కన ఉంది కదమ్మా, అందుకే అయ్యుంటుంది' అని ఏదో చెప్పేశాను. చాలామంది అనుకునేదీ అదే. వానాకాలంలో మూసీ పొంగితే మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు బంద్ అని వార్తల్లో చూస్తుంటాం కాబట్టి నదికీ పేరుకీ ముడిపడిపోయింది.

ఆ వారం ఊరెళ్లినప్పుడు పిల్ల అదే ప్రశ్న వాళ్ల తాతను అడిగింది. నాన్న తడుముకోలేదు.

'మూసారామా? గుట్ట మీద గోరీ ఉంటది గదా బిడ్డా, గా ఫ్రెంచి దొర. మేము మాదన్నపేట మండికి కూరగాయలు ఏసుకపోయినప్పుడు గా గుట్టెక్కి సద్ది తింటుంటిమి.'

ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లోనే ఉన్న సమాచారం ఇది. విలేకరినైన నేను అడగలేదు, అంతే!

ఇబ్రహీం పట్నంలోనూ ఓ రాముడున్నాడు

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. బస్సెక్కేముందు పిల్లను పెద్ద చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. ఈ కథకి ఆ కట్టతో పనుంది.

మా ఊరి పేరు గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాది. హుస్సేన్‌సాగర్ తవ్వించింది కూడా ఆయన ఏలుబడిలోనే. గద్దెనెక్కకముందు అన్నగారి భయానికి ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు రుచి ఆయనకు బాగా పట్టింది. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' రాసి ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు.

ఆ కవులు సుల్తానును ఏమని పిలిచారనుకున్నారు? మల్కిభరాముడని! మలిక్ ఇబ్రహీం కాస్తా తెలుగు నోట పడేసరికి మల్కిభరాముడయ్యాడు. మధ్యలో రాముడు ఎక్కణ్నుంచి వచ్చాడని ఎవరూ గింజుకోలేదు. నోటికి నప్పింది, మనసుకి దగ్గరైంది, అంతే.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. రెండొందల ఏళ్ల తర్వాత ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఇంకో పరదేశికీ ఇదే జరిగింది.

సాగర్ రోడ్డు మీద బస్సు కదిలింది. ఒకప్పుడు ఈ దారి పొడవునా సీతాఫలం చెట్లూ, జొన్న చేలూ ఉండేవని నాన్న ప్రతిసారీ చెబుతాడు. నా కాలానికి ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు వచ్చాయి. ఇప్పుడు వాటికి వెంచర్ల బోర్డులు తోడయ్యాయి. మంగళ్‌పల్లి, బొంగుళూరు గేటు, తుర్కయంజాల్... ఔటర్ రింగు రోడ్డు దాటాక ఊరెక్కడ ఆగి సిటీ ఎక్కడ మొదలైందో కనిపెట్టడం కష్టం. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కాం. 2018లో ఈ దారి మొదలయ్యాక మూసారాంబాగ్‌కి స్టేషన్ కూడా వచ్చింది. అలా దొర పేరు రైలెక్కింది.

ఎనిమిదణాల తుపాకులు

ఆయన పూర్తి పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే ఊళ్లో 1755లో పుట్టాడు. తండ్రి వర్తకుడు. కొడుకు కూడా వర్తకం చేద్దామనే ఓడెక్కాడు. 1775లో తమ్ముడితో కలిసి పుదుచ్చేరిలో దిగాడు. వయసు ఇరవై ఏళ్లు.

అది తక్కెడ కన్నా తుపాకీకి గిరాకీ ఎక్కువున్న కాలం. మైసూరులో హైదర్ అలీ దగ్గర ఓ ఫ్రెంచి దళం ఉండేది. రేమండ్ అందులో చేరి యుద్ధవిద్య నేర్చాడు. 1783లో బుస్సీకి సహాయకుడయ్యాడు.

బుస్సీ అంటే గుర్తొచ్చాడా? అవును, ఆ బుస్సీయే. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వెళ్లినవాడు. ఎన్టీఆర్ 'బొబ్బిలి యుద్ధం' సినిమా పుణ్యమా అని మనకి తెలిసిన ఫ్రెంచి సేనాని ఆయనొక్కడే. ఆ బుస్సీ ముసలితనంలో మళ్లీ భారతదేశానికి వచ్చి, 1785 జనవరిలో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఆ మరుసటేడు రేమండ్ హైదరాబాద్ చేరి రెండో నిజాం అలీఖాన్ కొలువులో కుదిరాడు.

అప్పుడు ఆయన చేతిలో ఉన్నది మూడొందల మంది. తుపాకులు సొంతానివి కూడా కావట. ఒక్కోటి నెలకి ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చాడని చెబుతారు. పెళ్లికి షామియానా తెచ్చినట్టు యుద్ధానికి తుపాకులు అద్దెకు తెచ్చుకున్న మనిషి, పన్నెండేళ్లు తిరిగేసరికి సుమారు పద్నాలుగు వేల మందికి అధిపతి అయ్యాడు. సొంత ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. నిజాం ఆయనకు అజ్దర్ జంగ్ అని బిరుదిచ్చాడు. అజ్దర్ అంటే నోట నిప్పులు కక్కే మహాసర్పం. జాగీర్లూ ఇచ్చాడు.

గుర్రం ఏది నాన్నా?

మూసారాంబాగ్ స్టేషన్లో దిగి టీవీ టవర్ వైపు నడిచాం. ఓ ఆటో డ్రైవర్‌ని రేమండ్ సమాధికి దారి అడిగితే తెల్లమొహం వేశాడు. నాన్న ముందుకొచ్చి 'దొర గోరీ, గుట్ట మీద' అన్నాడు. 'ఆస్మాన్‌గఢ్ గుట్టనా? గట్ల చెప్పుర్రి మరి' అని చెయ్యి చూపించాడు.

ఆస్మాన్‌గఢ్ అనే పేరు తర్వాత వచ్చింది. పైగా వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా 1885లో అక్కడ వేట విడిది కోసం కోటలాంటి భవనం కట్టించుకున్నాడు. ఆ బురుజులు చూసి కొత్తవాళ్లు అదే రేమండ్ కోట అనుకుంటారు. కాదు. ఇంకా పైకి, ఇళ్ల మధ్య సందుల్లోంచి ఎక్కాలి.

నాన్న మోకాళ్ల నొప్పులతో కింద టీ కొట్టు దగ్గరే ఆగిపోయాడు. 'మీరు పోయిరాండ్రి. నేను జూసిందే గదా' అన్నాడుగానీ, చూపు మాత్రం గుట్ట మీదే ఉంది.

ఎక్కుతున్నంతసేపూ మా అమ్మాయి పైన గుర్రం ఉంటుందనుకుంది. సైన్యాధిపతి అంటే గుర్రమెక్కి కత్తి దూసిన విగ్రహం ఉండాలి కదా! పైకి చేరేసరికి గుర్రమూ లేదు, కత్తీ లేదు. 180 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున్న పెద్ద అరుగు. దాని మీద 23 అడుగుల ఎత్తున, పైకి పోనుపోను సన్నబడే రాతి స్తంభం. దాని మీద రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు... జే, ఆర్. జోకిం రేమండ్. పక్కనే పాత గ్రీకు గుళ్లను తలపించే స్తంభాల మండపం. హైదరాబాద్‌లో సమాధి అంటే గుమ్మటమూ మినార్లూ చూడ్డానికి అలవాటుపడిన కళ్లకి ఇది ఏ దేశంలోనో ఉన్నట్టు అనిపిస్తుంది.

'గుర్రం ఏది నాన్నా?' అంది పిల్ల నీరసంగా.

నిజానికి పిల్ల అడిగిన దాంట్లోనే రేమండ్ గొప్పతనం దాగుంది. అప్పటిదాకా మన రాజుల బలమంతా ఆశ్వికదళంలోనే ఉండేది. ఎవరికి ఎన్ని గుర్రాలుంటే వాడంత మొనగాడు. 1746లో చెన్నపట్నం దగ్గర అడయారు ఒడ్డున ఆర్కాటు నవాబు పంపిన వేలాది సేనను కొన్ని వందల మంది ఫ్రెంచి సిపాయిలు తరిమికొట్టారు. వరసగా నిలబడటం, ఆజ్ఞ వినగానే అందరూ ఒక్కసారి కాల్చడం, మళ్లీ మందు కూరి ఇంకోసారి కాల్చడం... ఈ కవాతు ముందు గుర్రాల ఉరవడి నిలవలేదు. ఆ దెబ్బతో దేశంలోని రాజులందరికీ ఒకటే యావ పట్టుకుంది, మన కాల్బలానికి కవాతు నేర్పే దొర ఒకడు కావాలి! గ్వాలియర్ సింధియాకి దబాయిన్ దొరికాడు. నిజాంకి రేమండ్ దొరికాడు. ఆ తర్వాత 1822లో లాహోర్ వెళ్లిన అలార్డ్, రంజిత్ సింగ్‌కి ఆశ్వికదళాన్ని కూడా ఫ్రెంచి పద్ధతిలోనే తీర్చిదిద్దాడు.

రేమండ్ దగ్గరా కొంత గుర్రపు దళం ఉండేది. అయితే ఆయన అసలు బలం మామూలు సిపాయి. ఇక్కడి పల్లెల్లోంచీ, పేటల్లోంచీ వచ్చిన మనిషిని తెచ్చి, చేతికి తుపాకీ ఇచ్చి, అడుగు కలిపి నడవడం నేర్పాడు. వాళ్లతో ఆయనకున్న అనుబంధం ఎలాంటిదో ఆయనంటే పడని ఇంగ్లీషు అధికారుల రాతల్లో కూడా కనిపిస్తుంది.

ఖర్దాలో ఆ రాత్రి

1795 మార్చి. నిజాంకీ మరాఠాలకీ చౌత్ బాకీల దగ్గర తగువు ముదిరింది. ఇప్పటి మహారాష్ట్రలోని ఖర్దా దగ్గర ఇరుసేనలూ ఎదురుపడ్డాయి. ఇంగ్లీషువాళ్లు సాయం రామన్నారు. రేమండ్ దళం మాత్రం నిలబడి పోరాడింది.

నిజాం అలీఖాన్ జనానాను వెంటబెట్టుకుని యుద్ధానికొచ్చాడు. ఫిరంగుల మోతకి బేగంలు బెదిరిపోయి వెనక్కి వెళ్దామని పట్టుబట్టారని చరిత్రకారులు రాశారు. రాత్రికి రాత్రి సేన ఖర్దా కోటలోకి మళ్లింది. చీకట్లో గందరగోళం. ఎవరెవరిని కాలుస్తున్నారో తెలియదు. తెల్లారేసరికి యుద్ధం అయిపోయింది. ఓడింది సైన్యం కాదు, గుండె అని రేమండ్ అనుకుని ఉంటాడు. నేనైతే అలాగే అనుకున్నా.

కోట్ల రూపాయల జరిమానా, కొంత రాజ్యం, ఆపైన ప్రధాని అరస్తు జా పుణెలో బందీగా ఉండటం. ఇవీ సంధి షరతులు. కష్టకాలంలో మొహం చాటేసిన ఇంగ్లీషు పటాలాలను నిజాం కోపంతో వెళ్లిపొమ్మన్నాడు. రేమండ్ సేనను పెంచుకోమన్నాడు. అదే ఏడాది జూన్‌లో కొడుకు ఆలీ జా తిరగబడితే, పట్టుకురావడానికి పంపింది కూడా రేమండ్‌నే. రాకుమారుడు పట్టుబడ్డాడు, దారిలో విషం మింగి చనిపోయాడు. నిజాం దర్బారులో రేమండ్‌కి తిరుగులేకుండా పోయింది.

ఆయన్ని దేవుణ్ని చేయాలని నాకేం లేదు. కత్తిని జీతానికిచ్చిన మనిషి. తండ్రీకొడుకుల తగాదాలో కూడా దిగాడు. నిజాం ఉప్పు తింటూనే తన దళాల మీద ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా ఎగరేశాడు. ఇంగ్లీషువాళ్లకి నిద్ర పట్టకుండా చేసింది ఆ జెండాయే. హైదరాబాద్‌లో రేమండ్, శ్రీరంగపట్నంలో ఫ్రెంచివాళ్లతో చేయి కలిపిన టిప్పు, 1798లో ఈజిప్టులో దిగిన నెపోలియన్... వాళ్ల కళ్లకి ముగ్గురూ ఒకే గీత మీద కనిపించారు.

మార్చి 25

పుణె చెర నుంచి 1797లో తిరిగొచ్చిన అరస్తు జా ఇంగ్లీషువాళ్ల వైపు మొగ్గాడు. రెసిడెన్సీలో జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పావులు కదుపుతున్నాడు. ఖైరున్నీసాతో ప్రేమకథ పుణ్యమా అని మనకి బాగా తెలిసిన ఆ కిర్క్‌పాట్రిక్కే. సరిగ్గా అప్పుడు, 1798 మార్చి 25న, రేమండ్ హఠాత్తుగా చనిపోయాడు. వయసు నలభై మూడు నిండలేదు.

విషం పెట్టారన్నారు. తనే తీసుకున్నాడన్నారు. రుజువులేవీ లేవు. నగరం మాత్రం ఈ రెండు మాటలనూ రెండొందల ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉంది.

తర్వాత జరిగినదంతా ఏడు నెలల కథ. సేనాధిపత్యం పిరాన్ అనే అధికారికి దక్కింది. సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, కంపెనీ సైన్యాన్ని పెట్టుకోవాలి, దానికి ఏటా ఇరవై నాలుగు లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి. కంపెనీ పటాలాలు మన గుంటూరులోనే పోగై హైదరాబాద్‌కి నడిచాయి. అక్టోబర్ 21న రేమండ్ సిపాయిలు జీతాల బకాయిల కోసం సొంత ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడి వాళ్లను నిర్బంధించారు. మరునాడు కంపెనీ సేన చుట్టుముట్టింది. బకాయిలిస్తామన్న మాట మీద పొద్దుగూకేలోపు వేలాది మంది ఆయుధాలు కింద పెట్టేశారు. యుద్ధం జరగలేదు.

పన్నెండేళ్లు కష్టపడి కట్టిన సేన ఒక్క రోజులో కరిగిపోయింది. రేమండ్ బతికుంటే ఏమయ్యేదో చెప్పలేంగానీ, ఆ ఒప్పందం మన తెలుగు నేలను ఏం చేసిందో తెలుసు. మరుసటేడు మేలో శ్రీరంగపట్నం కూలి టిప్పు నేలకొరిగాడు. ఆ తర్వాతి ఏడాది, 1800 అక్టోబర్‌లో, కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు, తర్వాతి రాయలసీమ.

అంతకుముందు 1753లోనూ ఇదే తంతు. బుస్సీ సైన్యం జీతాల కింద శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా సర్కారు సీమను ఫ్రెంచివాళ్లకి రాసిచ్చారు. ఎవరో వచ్చి కాపలా కాస్తారు, కాపలా కూలి కింద మన జిల్లాలు వెళ్లిపోతాయి! మనవాళ్లు మూడు ముక్కలుగా వేర్వేరు పాలనల్లో పెరగడానికి మొదలెక్కడంటే చరిత్రకారులు చాలా చెబుతారు. నాకు మాత్రం ఈ గుట్ట మీద నిలబడినప్పుడు ఆ రెండు జీతాల పద్దులే గుర్తొచ్చాయి.

ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు

సేన పోయింది, జెండా పోయింది. పేరు మాత్రం ఉండిపోయింది. ఎలా ఉండిపోయిందంటారా?

ఫ్రెంచిలో 'అయ్యా' అనడానికి మొస్యూ అంటారు. మొస్యూ రేమండ్ అనడం సిపాయిల వల్ల కాలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు. హిందువులు మూసా రామ్ అన్నారు. ఎవరి నోటికి నప్పినట్టు వాళ్లు తమవాణ్ని చేసుకున్నారు. అప్పట్లో ఆయన తోట ఉన్న చోటు మూసారాంబాగ్ అయింది. మా ఊళ్లో ఇబ్రహీంని మల్కిభరాముణ్ని చేసిన నాలుకే ఇక్కడ రేమండ్‌ని మూసారాముణ్ని చేసింది. తేడా ఒక్కటే. అక్కడ పేరు పెట్టినవాళ్లు అగ్రహారాలు అందుకునే కవులు, ఇక్కడ జీతం బకాయిపడ్డ సిపాయిలు.

అధికారులను నిర్బంధించిన ఆ సిపాయిలే, చనిపోయిన సేనాపతిని మర్చిపోలేదన్నది నన్ను ఆలోచనలో పడేసింది. 1940ల దాకా ఏటా వర్ధంతి రోజున జనం ఈ గుట్టెక్కి ఊదొత్తులు వెలిగించేవారు. ఒక పీర్ల దర్గాకో, గ్రామదేవతకో మొక్కినట్టే. నిజాం నవాబు అదే రోజున ఒక పెట్టె చుట్టలూ, ఒక సీసా బీరూ సమాధికి పంపించేవాడని చెబుతారు. బతికుండగా ఆయనకిష్టమైనవి పెట్టాలి కదా! మన ఇళ్లలో పెద్దల పండగ నాడు చేసేదీ అదే.

ఈ మాట చెప్పగానే మా అమ్మాయికి గుర్రం లేని లోటు తీరిపోయింది. స్తంభం చుట్టూ తిరిగి 'జే, ఆర్' అక్షరాలు తడిమి చూసింది. 'ఇప్పుడెవరూ చుట్టలు పెట్టట్లేదా?' అని అడిగింది. మండపం నీడలో ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఓ పక్కన గాలిపటం దారం చిక్కుకుని వేలాడుతోంది.

ఆ మండపం కూడా మనం చూస్తున్నట్టుగా పాతది కాదు. 2001 అక్టోబర్ వానలకి అసలుది కుప్పకూలింది. తర్వాత తిరిగి నిలబెట్టారు. పురావస్తు శాఖ రక్షిత కట్టడంగా బోర్డు ఉంది. అరుగు అంచు దాకా ఇళ్లొచ్చాయి. ఒకప్పుడు ఈ గుట్ట మీంచి నగరమంతా కనిపించేదట. ఇప్పుడు ముందు నీళ్ల ట్యాంకులు, ఆ తర్వాత నగరం. ఇక్కడి వాళ్లని తప్పుపట్టడానికీ మనసొప్పలేదు. సిటీలో ఇల్లు కట్టుకునే జాగా దొరకడమే గొప్ప. అందులోనూ గాలి వచ్చే గుట్ట. కాకపోతే కింద మెయిన్ రోడ్డు మీద ఒక్క దారి బోర్డయినా ఉంటే ఆటో డ్రైవర్‌కీ నాకూ శ్రమ తప్పేది.

కిందికి దిగేసరికి నాన్న రెండో టీ తాగుతున్నాడు. 'స్తంభం అట్లనే ఉన్నదా?' అన్నాడు. ఉందన్నాను. 'మండపం?' అన్నాడు. కూలితే మళ్లీ కట్టారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'గా మండపంల పండుకుంటే ఎండాకాలం గూడ సల్లగుంటుండె' అన్నాడు.

ఇంకోటి చూడాలి

రేమండ్ జాడ నగరంలో ఇంకో చోట కూడా ఉంది. ఆబిడ్స్‌కీ బషీర్‌బాగ్‌కీ మధ్య గన్‌ఫౌండ్రీ అనే చోటు తెలుసు కదా. బ్యాంకు పనుల మీద వెళ్లనివాళ్లుండరు. గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోతపోసే కార్ఖానా. తోప్ కా సాంచా అనేవారు. 1786లో, అంటే కొలువులో చేరిన ఏడాదే, రేమండ్ పెట్టించాడు. ఇటుక గోడల మొండి భాగం కొంత ఇప్పటికీ సందులో నిలిచి ఉంది. ఎల్బీ స్టేడియం వైపు వెళ్లినప్పుడు ఓ పది నిమిషాలు కేటాయిస్తే చూడొచ్చు. ఓపికుంటే అక్కణ్నుంచి కోఠీ వెళ్లండి. రేమండ్ సేనను కరిగించిన కిర్క్‌పాట్రిక్ ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కట్టించిన రెసిడెన్సీ భవనం అక్కడే ఉంది. ఎత్తయిన స్తంభాలతో, రాజభవనంలా ఉంటుంది. చాలా కాలం అందులో మహిళా కళాశాల నడిచింది, అదే ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. గెలిచినవాడి ఇల్లూ, ఓడినవాడి సమాధీ ఒకే రోజు చూసి రావచ్చన్నమాట.

రేమండ్ సమాధికి మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పొద్దున్నే వెళ్తే మంచిది. పైన నీడ తక్కువ, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. దారి అడిగేటప్పుడు మాత్రం రేమండ్ అనకండి. ఆస్మాన్‌గఢ్ గుట్ట అనండి. లేదంటే మా నాన్నలా దొర గోరీ అనండి.

తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్ దగ్గర ఇబ్రహీంపట్నం బస్సెక్కాం. సీటు దొరగ్గానే పిల్ల తాత భుజానికి తలానించింది. తుర్కయంజాల్ దాటాక లేచి, 'తాతా, మార్చి 25కి మళ్లీ వద్దామా? చుట్టలు నువ్వు కొను' అంది.

నాన్న నా వైపు చూశాడు. 'బీరు మీ నాయిన తెస్తడు' అన్నాడు.